ఇల్లు ఇప్పుడే రాసివ్వాలా, వీలునామా చాలా? పెద్ద వయసులో సంతకం పెట్టే ముందు పోల్చి చూడాల్సిన కాగితాలు

అరవై దాటాక మనిషి ముందుకు సంతకం కోసం రకరకాల కాగితాలు వస్తాయి. ఇల్లు పిల్లల పేరు మీదికి మార్చే గిఫ్ట్ సెటిల్‌మెంట్, వీలునామా, ఊళ్లో పొలం వ్యవహారాలకు జీపీఏ (మీ తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), బ్యాంకులో జాయింట్ ఖాతా ఫారం, ఎప్పుడో ఒకప్పుడు ఐసీయూ కాగితాలు. అన్నిటికీ ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఒకటే: "ఇక్కడో సంతకం పెట్టు నాన్నా, ఊరికే ఫార్మాలిటీ." కానీ వీటిలో కొన్నిటిని రేపు మనసు మారితే చించి పారేయొచ్చు. కొన్నిటిని సుప్రీంకోర్టు దాకా వెళ్లినా వెనక్కి తీసుకోలేం.

అందుకే ఏ కాగితం వచ్చినా రెండు ప్రశ్నలు వేసుకోండి. నేను బతికుండగా దీన్ని నా అంతట నేనే రద్దు చేసుకోగలనా? నాకు మతి తప్పినా, స్పృహ లేకపోయినా ఇది పనిచేస్తుందా? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏది ఎంచుకోవాలో చాలావరకు తేలిపోతుంది.

వీలునామా, గిఫ్ట్ సెటిల్‌మెంట్

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

వీలునామా మీరు పోయాకే అమల్లోకి వస్తుంది. అప్పటిదాకా ఇల్లు మీదే. అద్దె మీదే, అమ్ముకునే హక్కూ మీదే. ఎన్నిసార్లైనా మార్చి రాయొచ్చు, చివరిగా రాసిందే చెల్లుతుంది. స్టాంపు డ్యూటీ లేదు. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం అడిగేది ముఖ్యంగా ఒకటే: మీరు సంతకమో వేలిముద్రో వేయాలి, దాన్ని ఇద్దరు సాక్షులు ధ్రువీకరిస్తూ మీ సమక్షంలో సంతకాలు పెట్టాలి. ముస్లింల వీలునామాలకు ఈ సాక్షుల నియమం వర్తించదు. వాళ్ల వ్యక్తిగత చట్టం ప్రకారం మిగతా వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

తప్పనిసరి కాకపోయినా వీలునామాను రిజిస్టర్ చేయించడమే మంచిదని నేనంటాను. రిజిస్టర్ చేసినంత మాత్రాన దానికి ఎదురులేదని కాదు. అసలు ఇది ఉందన్న సంగతినే ఎవరూ దాచేయలేరు, తేదీ మార్చలేరు. ఆస్తి దక్కబోయే వాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. వాళ్లే దగ్గరుండి రాయించి, వాళ్లే కారెక్కించి రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లిన వీలునామాను కోర్టులు అనుమానంగా చూస్తాయి. సాక్షులు మీకన్నా వయసులో చిన్నవాళ్లయితే మేలు. తగాదా వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి. వయసు బాగా మీదపడి ఉంటే, స్పృహలో ఉండి తెలిసే రాస్తున్నారని ఆ రోజు తేదీతో డాక్టరు చేత ఒక సర్టిఫికెట్ రాయించి జతచేయండి.

గిఫ్ట్ సెటిల్‌మెంట్ దీనికి పూర్తిగా తలకిందులు. రిజిస్టర్ అయి, అవతలివాళ్లు స్వీకరించిన క్షణం నుంచి ఇల్లు మీది కాదు. "ఇచ్చింది నేనే కదా, కాదంటే రద్దు చేస్తాను" అనుకుంటారు చాలామంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అందుకు ఒప్పుకోదు. మోసంతోనో బలవంతంతోనో రాయించుకున్నారని నిరూపించాలి. లేదా ఫలానాది జరిగితే గిఫ్ట్ రద్దవుతుందని ఇద్దరూ ముందే ఒప్పుకొని ఉండాలి. మోసం పేరు మీద సివిల్ కోర్టుకు వెళ్లాలన్నా, సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపే.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట టైపు చేసే దస్తావేజుల్లో దాదాపు ప్రతిదానిలోనూ ఈ అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది: "నేటి నుండి సదరు ఆస్తిపై నాకు గానీ, నా ఇతర వారసులకు గానీ ఎట్టి హక్కులు, క్లెయిములు లేవు." దీన్ని రాసేవాళ్లు గబగబా చదివేస్తారు. అప్పటికే ఫొటో, వేలిముద్ర కోసం లోపలి నుంచి పిలుపు వచ్చి ఉంటుంది. పెద్దాయన తల ఊపుతాడు. ఆ ఒక్క వాక్యంతో తన ఇంట్లో తానే అతిథి అవుతాడు.

రాసివ్వక తప్పని పరిస్థితి కూడా ఉంటుంది, కాదనను. కూతురు ఆ ఇంటి మీదే లోన్ తీసుకోవాలి, లేదా పోయాక అన్నదమ్ములు కొట్టుకుంటారని ఇప్పుడే పంచేయాలనుకుంటారు. అప్పుడు దస్తావేజులో రెండు షరతులూ ఉండాలి. ఒకటి సరిపోదు.

మొదటిది జీవితాంతం ఉండే హక్కు. ఇది మిమ్మల్ని ఇంట్లో ఉంచుతుంది, అంతే. గిఫ్టును వెనక్కి తీసుకునే హక్కు ఇవ్వదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో 2014లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు దాత తన దగ్గరే అట్టేపెట్టుకున్నా గిఫ్ట్ పూర్తయినట్టేనని, తర్వాత రద్దు చేయడం కుదరదని తేల్చింది.

రెండోది పోషణ షరతు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ దీనికోసమే ఉంది. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీ మోసంతో జరిగినట్టే లెక్క. ఈ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయొచ్చు. షరతు మాత్రం ఉండాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, ప్రేమతో ఇచ్చామన్నది చాలదు, షరతు ఉన్నట్టు చూపించాలి అంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో కొంత ఉదారంగా చూసింది. గిఫ్ట్ రాసిన రోజే కొడుకు విడిగా ఒక హామీ పత్రం రాసిచ్చాడు. చూసుకోకపోతే తల్లి వెనక్కి తీసుకోవచ్చన్నది అందులోని మాట. కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుని గిఫ్టును రద్దు చేసి, ఆస్తిని ఆమెకు అప్పగించమంది. ఇల్లు ఖాళీ చేయించి అప్పగించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని కూడా ఆ తీర్పులోనే స్పష్టం చేసింది.

అంతదూరం పోకుండా, దస్తావేజులోనే ఇలా రాయించండి:

"నా జీవితాంతం ఈ షెడ్యూలు ఇంటిలో నివసించుటకు, దానిపై వచ్చు అద్దెలు అనుభవించుటకు నాకు పూర్తి హక్కు కలదు. తిండి, బట్ట, వసతి, వైద్యము లోటు లేకుండా నన్ను నా జీవితాంతం చూచుకొనవలెనను షరతుపై ఈ సెటిల్‌మెంట్ వ్రాసి ఇచ్చుచున్నాను. ఆ షరతు తప్పిన పక్షంలో 2007 వయోవృద్ధుల చట్టం సెక్షన్ 23 ప్రకారం దీనిని రద్దు చేయించుకొను హక్కు నాకు కలదు."

ఇది చూసి మొహం చిట్లించే కొడుక్కి ఇల్లు ఇప్పుడే రాసివ్వొద్దు. నిజంగా చూసుకునేవాడికి ఈ మూడు వాక్యాల వల్ల పోయేదేమీ లేదు.

ఇప్పటికే రాసిచ్చేసి ఉంటే

దారులు రెండు. ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్, లేదా కోర్టు. షరతు ఉన్న దస్తావేజైతే ముందు ఆర్డీవో దగ్గరికే వెళ్లండి. లాయరు లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చు. మీరు కదల్లేకపోతే మీరు అధికారమిచ్చిన మనిషి గానీ, స్వచ్ఛంద సంస్థ గానీ మీ తరఫున పెట్టొచ్చు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. షరతు లేదు, కానీ కళ్లద్దాలు లేని సమయం చూసి ఏదో చెప్పి సంతకం పెట్టించారు అంటే అది సివిల్ కోర్టు వ్యవహారం. నెమ్మదిగా సాగుతుంది, ఖర్చూ ఎక్కువ. దొంగ సంతకమో, వేరే మనిషిని నిలబెట్టడమో జరిగి ఉంటే దాంతోపాటు పోలీసు కేసు కూడా పెట్టాలి.

ఆస్తి గొడవ లేదు, నెలనెలా తిండికి, మందులకు డబ్బు కావాలంటే అక్కడ కూడా ఎంచుకోవాలి. ఆర్డీవో ట్రిబ్యునల్ త్వరగా తేలుస్తుంది. నోటీసు అందాక 90 రోజుల్లో ముగించాలని, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు తీసుకోవచ్చని చట్టం చెబుతోంది. కాకపోతే నెలకు 10,000 రూపాయలకు మించి ఇప్పించలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్తే అలాంటి పరిమితి లేదు. పిల్లల సంపాదన బాగుండి, మీ మందుల ఖర్చే నెలకు పాతిక వేలుంటే ఈ రెండోదే సరి. రెండుచోట్లా ఒకేసారి అడగడం కుదరదు. పిల్లలు లేనివాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మీ ఆస్తి అనుభవిస్తున్న, లేదా మీ తర్వాత ఆస్తి దక్కబోయే బంధువు మీద కూడా పోషణ బాధ్యత ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.

జీపీఏ, బ్యాంకు ఖాతా

అమ్మకు మతిమరుపు మొదలైందని జీపీఏ రాయించుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. మన దేశంలో అది అక్కరకు రాదు. జీపీఏ రాసిన మనిషికి మానసిక సామర్థ్యం పోతే ఏజెన్సీ, అంటే ఆ మనిషి తరఫున పనిచేసే అధికారం, అక్కడితో ఆగిపోతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. మనిషి పోయినా అంతే. అంటే, ఏ రోజు కోసమైతే రాయించుకున్నారో సరిగ్గా ఆ రోజుకే అది చెల్లకుండా పోతుంది. ఆ స్థితి వచ్చాక సంరక్షకుణ్ణి నియమించమని కోర్టునే అడగాల్సి వస్తుంది. మతి బాగుండి, కాళ్లు మాత్రమే సహకరించని వాళ్లకే జీపీఏ పనికొస్తుంది. అదీ ఒక్క పనికే పరిమితం చేసి స్పెషల్ పవర్ ఇవ్వండి. పొలం కౌలు వసూలు చేయడానికి ఇచ్చే కాగితంలో "అమ్ముటకు" అన్న మాట ఎందుకు? ఒక్కసారి వెతికి కొట్టేయించండి.

బ్యాంకులో నాలుగు దారులున్నాయి. ఎక్కువమంది అన్నిటికన్నా చెడ్డది ఎంచుకుంటారు: ఏటీఎం కార్డు, పిన్ ఇచ్చేయడం. డబ్బు పోతే, ఇచ్చింది మీరే కాబట్టి బ్యాంకుకు సంబంధం ఉండదు. "ఈదర్ ఆర్ సర్వైవర్" జాయింట్ ఖాతా అయితే రెండోవాళ్లు మిమ్మల్ని అడగకుండా మొత్తం డబ్బు తీసేయొచ్చు. భార్యాభర్తలకు అది బాగుంటుంది. పిల్లలతో అయితే "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అడగండి. మీరు ఉన్నంతకాలం మీరే తీస్తారు, తర్వాతే వాళ్లు. మీరు బ్యాంకుకు వెళ్లలేని స్థితి ఉంటే మ్యాండేట్ లెటర్ ఇవ్వండి. ఖాతా మీదే, తీసే పని వాళ్లది, వద్దనుకున్న రోజు రాసిచ్చి ఆపేయొచ్చు. నాలుగింటిలో నా ఓటు దీనికే.

నామినీని వారసుడనుకోవడం పొరపాటు. నామినీ డబ్బు తీసుకుని అసలు వారసులకు అందించాల్సిన మనిషి మాత్రమే. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో రాయొచ్చు. వీలునామాలో ఒకరి పేరు, బ్యాంకులో ఇంకొకరి పేరు ఉంటే గొడవ ఖాయం. రెండూ ఒకసారి సరిచూసుకోండి.

బయటివాళ్లు దోచుకుంటే

సీబీఐ అనో, కస్టమ్స్ అనో వీడియో కాల్ చేసి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఎవరికీ చెప్పొద్దు" అంటారు. మన చట్టాల్లో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు ఇలాగే మోసపోయిన ఉదంతంపై 2025 అక్టోబరులో సుప్రీంకోర్టే తనంతట తానుగా కేసు చేపట్టింది.

డబ్బు పోయినప్పుడు పోలీస్ స్టేషనా, బ్యాంకా, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరా అంటే ముందు 1930. ఆ ఫిర్యాదు డబ్బు వెళ్లిన బ్యాంకుకు అందుతుంది. అవతలివాడు తీసేలోపు ఎంత ఆగితే అంత మీది. ఆ వెంటనే మీ బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. స్టేషనుకు ఆ తర్వాత వెళ్లొచ్చు. మా పరిధి కాదంటే, పరిధితో పనిలేకుండా ఏ స్టేషనులోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి.

ఎప్పుడు చెప్పారన్నది చాలా ముఖ్యం. 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, మీ తప్పేమీ లేకుండా మూడో మనిషి వల్ల డబ్బు పోయి, బ్యాంకు సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే అప్పటిదాకా పోయింది మీ నష్టమే. కానీ ఫిర్యాదు చేశాక పోయేది బ్యాంకు భరించాలి. అందుకే సిగ్గుపడి, పిల్లలు తిడతారని భయపడి రెండు రోజులు లోపల దాచుకోవద్దు. పిల్లలకు కూడా చెబుతున్నాను, ఆ గంటలో మీ అమ్మానాన్నల్ని తిట్టొద్దు. ఫోన్ అందుకుని 1930కు కొట్టండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు.

చివరి రోజుల చికిత్స: ఎవరి మాట చెల్లాలి

ఆస్తి వీలునామా పోయాక పనిచేస్తుంది, జీపీఏ స్పృహ పోతే ఆగిపోతుంది. మధ్యలో ఆ ఐసీయూ రోజుల సంగతి రెండూ పట్టించుకోవు. దానికున్నది లివింగ్ విల్, అంటే చివరి రోజుల్లో ఏ చికిత్స వద్దో ముందే రాసి ఉంచే కాగితం. గౌరవంగా చనిపోయే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమేనని చెబుతూ 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీనికి చట్టబద్ధత ఇచ్చింది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దాంతో చాలామంది రాయలేకపోయారు. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఉంటే చాలు.

కోలుకునే ఆశ లేని జబ్బులో, నా మాట నేను చెప్పలేని స్థితిలో, ఏ చికిత్సలు వద్దో ఇందులో రాస్తారు. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయమని రాయడం కుదరదు, అది మన దేశంలో నేరం. యంత్రాల మీద సాగదీయొద్దని మాత్రం చెప్పొచ్చు. "నన్ను ఇబ్బంది పెట్టొద్దు" అని రాస్తే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. వెంటిలేటర్, గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్లీ కొట్టించడం, డయాలసిస్, ట్యూబు ద్వారా ఆహారం, వీటిలో ఏది వద్దో పేరుపేరునా రాయండి. నొప్పి తగ్గించే మందులు మాత్రం కావాలని తప్పకుండా రాయండి.

లివింగ్ విల్ లేకపోతే ఏమవుతుంది? అప్పుడు కూడా చికిత్స ఆపొచ్చు, కానీ నిర్ణయం కుటుంబానిది. రెండు సందర్భాల్లోనూ ఆస్పత్రిలో ప్రైమరీ మెడికల్ బోర్డు చూడాలి. చికిత్స చేస్తున్న డాక్టరుతో పాటు కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు అందులో ఉంటారు. తర్వాత సెకండరీ బోర్డు చూడాలి. అందులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఒకరుంటారు. ఒక్కో బోర్డు 48 గంటల్లో తేల్చడం మేలన్నది కోర్టు మాట. అమలుకు ముందు మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వాలి, బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చు. కాగితాల పని రెండింటికీ ఒకటే. తేడా ఎక్కడంటే, లివింగ్ విల్ ఉంటే పిల్లలు మీ మాట నెరవేరుస్తున్నారు. లేకపోతే ఆ నిర్ణయం భారం వాళ్ల మీదే పడుతుంది. దగ్గరుండి చూసుకున్న కూతురు "ఇక చాలు" అంటుంది, అమెరికాలో ఉన్న కొడుకు "నేను వచ్చేదాకా ఉంచండి" అంటాడు. ఇద్దరిదీ ప్రేమే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

మూడో దారి ఒకటుంది, మన దగ్గర ఎక్కువగా జరిగేది అదే. డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకోవడం. బిల్లు భరించలేకో, ఇంటి దగ్గరే ప్రాణం పోవాలనో ఇలా చేస్తారు. వాళ్లను తప్పుపట్టను. కానీ అలా వచ్చిన మనిషికి ఊపిరాడకపోయినా, నొప్పి పుట్టినా చూసే డాక్టరు ఉండడు. ఇంటికే తేవాలనుకుంటే పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వాళ్లతో ముందే మాట్లాడుకొని, నొప్పికి మార్ఫిన్ దొరికే ఏర్పాటు చేసుకొని తెచ్చుకోండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ విభాగం ఉంది.

లివింగ్ విల్‌లో మీ తరఫున మాట్లాడే మనిషి పేరు రాయాలి, ఒకరికన్నా ఎక్కువమందిని కూడా రాయొచ్చు. పెద్ద కొడుకనో, ఎక్కువ చదివాడనో ఎంచుకోవద్దు. డాక్టరు ముందు ఏడుస్తూ అయినా మీ మాట నిలబెట్టగలిగేది ఎవరో చూసి వాళ్లనే రాయండి. అది చెల్లెలు కావచ్చు, స్నేహితుడు కావచ్చు. రాసేముందు వాళ్లను కూర్చోబెట్టి చెప్పండి.

కాపీలు ఆ మనిషికి, ఫ్యామిలీ డాక్టరుకు ఇవ్వండి. మున్సిపాలిటీలో గానీ పంచాయతీలో గానీ ఇందుకు నియమించిన అధికారికి కూడా ఒకటి ఇవ్వాలి. బీరువా లాకరులో మాత్రం పెట్టొద్దు, రాత్రి రెండింటికి అంబులెన్స్ వచ్చినప్పుడు తాళాలు వెతికే తీరిక ఎవరికీ ఉండదు. నేత్రదానం, అవయవదానం కోరికలు ఆస్తి వీలునామాలో రాసి ఊరుకోవద్దు. వీలునామా తీసేది పెద్దకర్మ అయ్యాకే, కళ్లు తీసుకోవాల్సింది మాత్రం పోయిన ఆరు గంటల్లోపు. పైగా అవయవదానానికి ఆ సమయంలో కుటుంబం ఒప్పుకోవాలి కాబట్టి మీ నోటితో ముందే చెప్పి ఉంచండి.

లివింగ్ విల్‌ను ఎప్పుడైనా రాతపూర్వకంగా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. మార్చినప్పుడు పాత కాపీ ఎవరెవరి దగ్గరుందో వాళ్లందరికీ కొత్తది ఇచ్చి, పాతది వెనక్కి తీసుకోండి.